మోగని వాల్వు

పోయిన ఆదివారం మా మనవరాలు హైదరాబాదు నుంచి వచ్చి, బట్టల సంచిలోంచి నాకు తెచ్చిన చీర కన్నా ముందు ఒక నల్లటి చిన్న పెట్టె తీసి బల్ల మీద పెట్టింది. పాటలు వినడానికి కొత్తగా కొనుక్కుందట. అరచేతిలో ఇమిడే ఆ పెట్టె నెత్తిన బొటనవేలంత గాజు గొట్టాలు రెండు నిలబడి ఉన్నాయి, స్విచ్చి వేయగానే వాటి కడుపులో సన్నటి ఎర్రని వెలుగు పుట్టింది. నా వయసు వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు, అవి వాల్వులు. మన చిన్నప్పుడు రేడియో చెవి తిప్పి, అది వేడెక్కి గొంతు విప్పేదాకా దాని ముందు ఓపిగ్గా కూర్చునేవాళ్ళం కదా, ఆ వేడెక్కేవి ఇవే. పాతసామాను వాళ్ళు ఏనాడో మూటగట్టుకుని పోయారనుకున్నవి మళ్ళీ కొత్త పెట్టె ఎక్కి మా ఇంటికి రావడమే నాకు వింతగా తోచింది.

మనవరాలు ఇయర్‌ఫోన్లు నా చెవులకు తగిలించింది. పాట బాగానే వచ్చింది గానీ నాకు దాని మీద ధ్యాస లేదు, చెయ్యి ఊరుకోక ఆ గాజు గొట్టాన్ని గోటితో టక్కున కొట్టాను. వాల్వును తడితే చెవిలో టంగుమని మోగాలి. మా ఆయన నోట విని విని నాకు వచ్చిన రేడియో విద్య అదొక్కటే. మోగలేదు. రెండోదాన్ని కొట్టాను, అదీ మోగలేదు. ఇవి పోయిన వాల్వులే తల్లీ, నిన్నెవరో బాగా ముంచారు అన్నాను. అది పడీ పడీ నవ్వి, “పోలేదు అమ్మమ్మా, ఇవి మిలిటరీవి. ట్యాంకులల్ల, విమానాలల్ల పెట్టెతందుకు చేసిన్రు. ఎంత కుదిపినా, ఎంత కొట్టినా మోగొద్దనే లోపల అన్ని గట్టిగ బిగిస్తరు. మోగకపోవుడే వీటి గొప్ప” అంది.

నేను చెవులవి తీసేసి మంచం మీద కూలబడ్డాను. ఏమైందమ్మమ్మా అని అది కంగారుపడి నీళ్ళు తెచ్చింది. వసారాలో మా ఆయన, ఎనభైకి దగ్గర పడిన మనిషి, పక్కన పిడుగు పడ్డా తల తిప్పని చెవిటి మనిషి, తాపీగా పేపరు చదువుకుంటున్నాడు. అటువంటి వాల్వు మోగలేదన్న ఒకే ఒక్క కారణానికి ఆ మనిషి తన ప్రాణమనుకున్న పని వదిలేశాడు. మోగకపోవడం దాని లోపం కాదు, ఆయన చెవి లోపమూ కాదు అని ఇన్నేళ్ళ తరువాత నిన్న మొన్నటి పిల్ల నవ్వుతూ చెప్పింది.

మాది కాశిబుగ్గ. అత్తవారింట అందరూ మగ్గం మీద బతికినవాళ్ళే, జంపఖానాలు నేసేవాళ్ళు. మా ఆయనకు మాత్రం కాళ్ళు మగ్గం గుంటలో నిలిచేవి కావట. పెళ్ళికి ముందే మండీ బజారులో రేడియోలు బాగుచేసే ఒక ఉస్తాదు దగ్గర చేరి, నాలుగేళ్ళు ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని పని నేర్చుకుని, తరువాత సొంతంగా షాపు తీసి మైకు సెట్టు పెట్టుకున్నాడు. ఆంప్లిఫయరు, రెండు పెద్ద హారన్లు, రికార్డులు తిప్పే పెట్టె, కారు బ్యాటరీ. ఊళ్ళో పెళ్ళి అంటే ముందు అయ్యగారి దగ్గరికి వెళ్ళి ముహూర్తం అడిగేవాళ్ళు, అట్నుంచి అటే మా ఆయన దగ్గరికి వచ్చి ఆ రోజు సెట్టు ఖాళీగా ఉందా అని అడిగేవాళ్ళు. సెట్టు ఖాళీగా లేకపోతే ముహూర్తం మార్చుకున్న పెళ్ళివారు కూడా ఉన్నారు. నేను గొప్పలు చెప్పడం లేదు, అప్పట్లో హారను మోగని పెళ్ళిని జనం పెళ్ళి కింద లెక్కవేసేవాళ్ళు కాదు.

నాకు మాత్రం ఆ సెట్టు సవతి కిందే లెక్క. పెళ్ళిళ్ళ రోజుల్లో ఆయన ముఖం కనపడేది కాదు, ఇవాళ డోర్నకల్ అంటాడు, రేపు ఇంకో ఊరు అంటాడు, బస్సు టాపు మీద హారన్లు కట్టి తనూ పక్కనే కూర్చుని పోయేవాడు. పండగ నాడు ఊళ్ళో ఎక్కడో ఆయన వేసిన పాట మా ఇంటికి వినపడేది, ఆయన మాత్రం వచ్చేవాడు కాదు. అందరి ఇళ్ళలో ఆడవాళ్ళు మొగుడికి పెట్టి తినేవాళ్ళు, నేను పాట వింటూ ఒక్కదాన్నే తినేదాన్ని. ఒకసారి మా అమ్మ వచ్చి చూసి, నీ మొగుని గొంతు ఊరందరికీ వినపడుతుంది గానీ నీకే వినపడదు అని మూతి విరిచింది. నిజమే కదా అని నాకు ఏడుపు వచ్చింది, అయినా పైకి ఆయన్నే వెనకేసుకొచ్చాను.

వాళ్ళ పనిలో ఒక అలవాటు ఉండేది. సెట్టు బయటికి తీసే ముందు ప్రతిసారీ దాన్ని ఆన్ చేసి, మూత తీసి, ముందు వాల్వును ఒక సన్నటి పుల్లతో తట్టేవాళ్ళు. మా ఆయన అందుకు మగ్గం దగ్గర నూలు చుట్టే కండె పుల్ల వాడేవాడు, మగ్గం వదిలినా ఆ పుల్లను మాత్రం వదలలేదు. తట్టగానే హారనులోంచి టంగుమని గంట కొట్టినట్టు వస్తుంది. ఆ మోత పొట్టిగా, తేటగా ఉంటే వాల్వు బాగున్నట్టు, సాగుతూ పోతే దాని రోజులు దగ్గరపడ్డట్టు. అన్నం మెతుకు పట్టి చూసినంత మామూలుగా చేసే ఈ పని ఇంకెవరినీ చేయనిచ్చేవాళ్ళు కాదు, షాపు ఎవరిదో ఆ చేత్తోనే తట్టాలి.

ఆ ఉస్తాదుకు ముసలితనం రాకుండానే చెవులు పోయాయి. హారన్ల కింద బతికిన చెవులు ఎన్నాళ్ళుంటాయి చెప్పండి. ఒకరోజు పొద్దున ఆయన ఎప్పటిలాగే వాల్వును తట్టి, ఆగి, మళ్ళీ తట్టి, పక్కనున్న మా ఆయన వైపు తిరిగి “మోగిందారా?” అని అడిగాడట. అది టంగుమని మోగి అప్పటికి ఒక్క క్షణమే అయింది. మా ఆయన అవునని తల ఊపాడట. అప్పటికింకా ఉస్తాదుకు మాటలు వినపడుతూనే ఉన్నాయి, ముందు పోయింది ఆ సన్నటి మోత, తరువాత పిట్టలు, తరువాత ఆడవాళ్ళ గొంతులు, చివరికి మగవాళ్ళవి. ఈ కథ మా ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పాడో, చెప్పిన ప్రతిసారీ తన చెవి తాను ముట్టుకునేవాడు.

మా పెద్దమ్మాయి నడక నేర్చే రోజుల్లో అనుకుంటాను, సికింద్రాబాదు నుంచి మిలిటరీ వాళ్ళు వేలం వేసిన సామాను తెచ్చే ఒకాయన షాపుకు వచ్చాడు. ఆయన సంచిలో ఈ చిన్న వాల్వులు ఉన్నాయి. ఊళ్ళ రోడ్లలో సెట్టు కుదుపులకు మామూలు వాల్వులు పాడై, పెళ్ళి మధ్యలో హారను తనంతట తాను ఊళ పెట్టడం మా ఆయనకు పెద్ద తలనొప్పి. లారీ మీంచి పడ్డా వీటికి ఏమీ కాదు అన్న ఒక్క మాటతో మా ఆయన కరిగిపోయి, తన దగ్గరున్న పాతవి అన్నీ, బాగున్నవి కూడా, ఊడ్చి ఇచ్చేసి బదులుకు ఇవి తీసుకున్నాడు. కింద సూదుల్లాంటి కాళ్ళు కూడా అవే, పాతదాని గూట్లో చక్కగా కూర్చున్నాయి. పగలవని ఆ సామాను తెచ్చినాయన చెప్పాడు గానీ మోగవని చెప్పలేదు, బహుశా ఆయనకూ తెలిసి ఉండదు.

ఆ రోజు మా ఆయన షాపులో ఒక్కడే ఉండి, కొత్త వాల్వు పెట్టి, పుల్లతో తట్టాడు. మోత లేదు. ఇంకోటి పెట్టి తట్టాడు, అదీ అంతే. సంచిలోవన్నీ మార్చి చూశాడు. వాల్వులే చచ్చినవి అనుకుందామంటే మైకులో మాట్లాడితే గొంతు కడిగిన ముత్యంలా వస్తోంది. మాట వస్తోంది కాబట్టి వాల్వు బతికే ఉంది, బతికున్న వాల్వు తడితే మోగి తీరాలి, మోగింది తనకు వినపడలేదంటే ఇక మిగిలింది చెవే. పోల్చి చూద్దామంటే పాత వాల్వు ఒక్కటి కూడా లేదు. మోగిందా అని ఎవరినైనా అడుగుదామంటే, ఉస్తాదు నోటి మాట తన నోటికి వచ్చినట్టే కదా, పైగా మైకు సెట్టాయనకు చెవుడట అని సాయంత్రానికల్లా బజారంతా తెలుస్తుంది. ఆయన ఎవరినీ అడగలేదు.

నాకు మాత్రం అప్పుడు ఏమీ తెలియదు. ఇంట్లో ఆయన వాలకం చూసి గాలి సోకిందేమో అనుకున్నాను. మాట్లాడుతుంటే నా నోటి వైపు గుడ్లప్పగించి చూసేవాడు, గట్టిగా మాట్లాడేవాడు, పిట్ట అరిస్తే ఉలిక్కిపడి వేలితో చూపించి, అరిచింది కదా అని నన్ను అడిగేవాడు. నాలుగు రోజులు చూసి, ఇక ఆగలేక నిలదీస్తే, అన్నం కంచం ముందు పెట్టుకుని “నా చెవు వోతాంది” అన్నాడు. నేను లేచి ఆయన వెనక్కి వెళ్ళి చిన్నగా పిలిచాను, పలికాడు. చెంబు కింద పడేశాను, ఎగిరిపడ్డాడు. వినపడుతోంది కదయ్యా అంటే, ఉస్తాదుకు కూడా మొదట్లో వినపడింది అన్నాడు. దవాఖానకు పోదాం పద అని ఏడ్చి మొత్తుకున్నాను, ఉస్తాదు తిరగని దవాఖాన లేదు, ఏం ఒరిగింది అన్నాడు. భయపడ్డ మనిషికి నచ్చజెప్పడం నా తరం కాలేదు.

మైకు పెట్టేవాడికి అందరికన్నా ముందు చెవులు ఉండాలి. హారను కూత మొదలవుతున్న జాడ జనానికి తెలియకముందే పసిగట్టి తగ్గించాలి, లేకపోతే పెళ్ళిలో పరువు పోతుంది. చెవి పోయాక నలుగురిలో నవ్వులపాలై పోవడం కన్నా పేరుండగానే పోవడం మేలని ఆయన లెక్క. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి మైకు పని మీద మోజున్న ఒక రైతుబిడ్డ సెట్టు కొనుక్కోవడానికి వచ్చాడు. ఏ మీట ఎంత తిప్పాలో, హారను ఎటు చూపాలో అన్నీ ఆయనే ఓపిగ్గా చూపించాడు, హారన్లు మాత్రం తన చేత్తో ఎత్తి ఇవ్వలేకపోయాడు, లోపలికి వచ్చి బియ్యం డబ్బా దగ్గర ఊరికే నిలబడ్డాడు. అంత మనిషి ఏడవడం నేను అదే చూడటం.

మగ్గం మీదికి తిరిగి వెళ్ళడానికి అభిమానం అడ్డొచ్చి, కొత్తగా పెట్టిన ఒక పవర్‌లూం షెడ్డులో చేరాడు. అక్కడ చెవులతో పని లేదు, ఎవరు ఏం మాట్లాడినా ఆ చప్పుడులో వినపడదు, అందరూ సైగలే. పొద్దున పోయి దీపాల వేళకు ఇల్లు చేరేవాడు. ఆయన చెవి పోతోందన్న దిగులు ఒకపక్క తినేస్తున్నా, నాకు పెళ్ళయినప్పటి నుంచి లేని ముచ్చట మొదలైంది, ఇద్దరం కలిసి అన్నం తినడం. బతుకమ్మకు ఆయన ఇంట్లో ఉన్న మొదటి ఏడు నేను పూలు రెండింతలు తెచ్చి పేర్చాను. పక్కింటి ఆవిడ, ఏంది ఇంత పెద్దగ పేర్చినవ్ అంటే సిగ్గుపడి నవ్వేశాను.

షెడ్డులో ఏళ్ళు గడిచేకొద్దీ ఆయనకు నిజంగానే వినికిడి తగ్గింది. చూశావా, నేను చెప్పలేదా అన్నట్టు ఉండేవాడు, నేనూ అదే నమ్మాను. మగ్గాల చప్పుడు చెవులు తినేస్తుందని ఇప్పుడు అందరూ అంటున్నారు గానీ అప్పుడు మాకెవరు చెప్పారు. ఉస్తాదు వరసే ఈయనకూ వచ్చిందని సరిపెట్టుకుని, నేను గొంతు పెంచుకుంటూ పోయాను. అంటే జరిగింది ఇదీ అని ఆదివారం నాడు మంచం మీద కూర్చుని ఒకదానికొకటి కలిపి చూసుకున్నాను. బాగున్న చెవిని పోయిందనుకుని, నిజంగా చెవులు తీసే చోటికి తన కాళ్ళతో తాను నడిచి వెళ్ళాడు.

ఈ సంగతి ఆయనకు చెప్పాలా వద్దా? మనవరాలు, ఇప్పుడు చెప్పి ఏం లాభం, తాత గుండె పగులుతుంది, ఊకో అమ్మమ్మా అంది. నాకూ అలాగే అనిపించింది కాసేపు. మళ్ళీ, ఆయన బతుకు సంగతి ఆయనకు తెలియకుండా నేను కడుపులో పెట్టుకుని ఎట్లా తిరగను అనిపించింది. రేపు ఆయనకేమైనా అయితే, నాకేమైనా అయితే? సాయంత్రం చాయ్ తాగాక, గుండె చిక్కబట్టుకుని ఆ పెట్టె తీసుకుపోయి ఆయన ఒళ్ళో పెట్టాను.

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని వాల్వు వైపు చూశాడు. ముఖం విప్పారింది. వేలితో దాన్ని మెల్లగా తట్టి, చెవిటివాళ్ళ పెద్ద గొంతుతో “మిలిటరీది గదా ఇది. మోగది” అన్నాడు.

నీకెట్ల ఎరుక అని ఆయన చెవి దగ్గర అరిచాను. “ఘన్‌పూర్ల ఎరుకైంది, సెట్టు అమ్మిన మరుసటేడు. ఆ పిలగాడే జెప్పిండు, అన్నా, నువ్విచ్చిన వాల్వులు ఎంత కొట్టినా మోగుతలేవు, బజార్ల కొన్నది మోగుతాంది అని. నేను గూడ తట్టి సూసిన. బజారుది మంచిగ మోగింది” అన్నాడు, నిన్నటి సంగతి చెప్పినంత తేలిగ్గా.

మరి నాకెందుకు చెప్పలేదు అని మళ్ళీ అరిచాను. “జెప్తామనే వొచ్చిన. సెట్టు మల్ల కొనాలె అని రైలెక్కినకాడి నుంచి సోంచాయించుకుంటనే వొచ్చిన. ఇంట్లకు వొచ్చేవరకు నువ్వు రెండు కంచాలు వెట్టుకొని కూసున్నవ్. నన్ను జూసి నవ్వినవ్. లగ్గమైనంక నువ్వు గట్ల నవ్వంగ అంతకుముందు నేను సూడలే. మైకు వట్టుకొని మల్ల ఎట్ల వోవాలె?” అని, పెట్టె నా చేతిలో పెట్టేసి, మళ్ళీ పేపరు తీసుకున్నాడు.

నేను చెబితే ఆయన కూలిపోతాడేమో అని భయపడుతుంటే ఆయన చెప్పి నన్ను నిలువునా కూల్చేశాడు. ముందు కోపం ముంచుకొచ్చింది. ఇన్నేళ్ళు ఈ రహస్యం పక్కలో పెట్టుకుని పడుకున్నావా, నీ చెవులు పోతుంటే కూడా నోరు విప్పలేదా, నన్ను ఒక్క మాట అడిగితే పోయేదేముంది అని ఇష్టం వచ్చినట్టు తిట్టాను, ఆయనకు సగం వినపడి ఉండదు. పెళ్ళిళ్ళు, ప్రయాణాలు, ఊరూరా పేరు, అన్నీ ఇచ్చి, చెవులు కూడా ఇచ్చి ఆయన నాతో కూర్చుని అన్నం తిన్నాడు. అదంతా నేను మా ఖర్మ అనుకుంటూ వడ్డించాను.

మా రోజుల్లో హారనులో ఊరందరికీ వినపడేలా పెళ్ళికొడుకు మేనమామ పేరు కూడా చదివేవాళ్ళు గానీ, ఇంట్లో పెళ్ళానికి నీ కోసం ఇది చేశాను అని చెప్పడం మాత్రం సిగ్గుమాలిన పని. ఇప్పుడు హారన్లు లేవు, వీధి చివర డీజే పెడితే మా గోడ మీది పటాలు కదులుతాయి. మనవరాలు తన కాబోయే వాడికి తిన్నది, తాగింది, కోపం వచ్చింది, పోయింది అన్నీ ఫోనులో రాస్తుంది, వాడూ రాస్తాడు, ఇద్దరికీ దాచుకున్న మాట అంటూ ఒక్కటి లేదు. మంచిదే, వాళ్ళకు మా అవస్థ లేదు. మాకు మాత్రం మాట దాచుకోవడమే తెలుసు, విప్పడానికి ఎప్పటికో ధైర్యం వచ్చేది, వచ్చేసరికి వినే చెవులు ఉండేవి కావు.

ఆయనకు నేను చెప్పవలసింది ఒకటి ఉంది. తిట్టు కాదు. పక్కన కూర్చుని చెవిలో చెప్పే మాట. మెల్లగా చెబితే ఆయనకు వినపడదు, వినపడేలా చెబితే కాశిబుగ్గ అంతా వింటుంది. వింటే విననీ అనుకుని పొద్దున లేస్తాను, ఆయన పక్కన కూర్చుంటాను, నోరు తెరుస్తాను, మళ్ళీ అన్నానికి లెమ్మని అరిచి లోపలికి వచ్చేస్తాను.